లాస్ట్ డేట్ రాత్రి అడిగితే ఏం చెప్తాం

పోయిన జూన్‌లో ఒక రాత్రి తొమ్మిదిన్నర దాటాక షట్టర్ సగం దించేసి లెక్క చూసుకుంటుంటే ఒకావిడ వంగి లోపలికి తొంగి చూసింది. వెనకాల పదో తరగతి పాసైన కొడుకు, వాడి చేతిలో ప్లాస్టిక్ కవరు, ఆ కవర్లో మార్కుల కాగితం, ఆధార్, ఎప్పుడో తడిసి ఎండిన రేషన్ కార్డు. "బాబూ, ఈ రోజే ఆఖరంట గదా, పొద్దుట్నుంచి మార్కెట్లో ఉండిపోనాను, ఇప్పుడే తెలిసింది, ఒక్క ఫారం ఎక్కించీ బాబూ" అంది. సరే అని కంప్యూటర్ మళ్ళీ ఆన్ చేశాను. పేరు, పుట్టిన తేదీ, మార్కులు అన్నీ కొట్టుకుంటూ వచ్చి ఆప్షన్స్ దగ్గర ఆగి "ఏ కాలేజీ, ఏ గ్రూపు పెట్టమంటావురా" అని అడిగితే వాడు వాళ్ళమ్మ వైపు చూశాడు, వాళ్ళమ్మ నా వైపు చూసింది. "మాకేటి తెలుస్తాది బాబూ, ఏది మంచిదో అదే పెట్టీ" అంది.

ఇంకో రెండు గంటల్లో పోర్టల్ మూసేస్తారు. ఆ గుంటడు ఎవరో నాకు తెలీదు, ఏం ఇష్టమో తెలీదు, లెక్కలంటే భయమా సరదానా తెలీదు, ఇంట్లో ఎంత వరకు చదివించగలరో తెలీదు. వాడి రెండేళ్ళు, ఆ మాటకొస్తే వాడి జీవితం, నేను మౌస్ ఎటు నొక్కితే అటు వెళ్తుంది. ఆ రాత్రి ఇంటికెళ్ళినా నిద్ర పట్టలేదు.

నాది ఒడిశాలో, ఆంధ్రా బోర్డర్ పక్కనున్న పర్లాకిమిడిలో జిరాక్సు, ఆన్‌లైన్ ఫారాల షాపు. పన్నెండేళ్ళయింది పెట్టి. స్కాలర్‌షిప్ నుంచి నీట్ దాకా, ఐటీఐ నుంచి రైల్వే దాకా మా చుట్టుపక్కల తెలుగిళ్ళ పిల్లల ఫారాలు చాలా నా చేతి మీదుగానే వెళ్ళాయి. కాబట్టి ఈ విషయం మీద నాకు డిగ్రీ లేకపోయినా మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నా. ఎక్కడ తప్పు జరుగుతుందో నాకు కౌంటర్ ఇవతల నుంచి కనిపిస్తుంది, అది జూన్‌లో జరగదు, నాలుగైదేళ్ళ ముందే జరిగిపోయి ఉంటుంది, జూన్‌లో బయటపడుతుంది అంతే.

అసలు మనకి కౌన్సెలింగ్ అనే మాటకి అర్థమే మారిపోయింది. కౌన్సెలింగ్ అంటే ర్యాంకు, ఫీజు కట్టడం, సర్టిఫికెట్ వెరిఫికేషన్, వెబ్ ఆప్షన్లు, అలాట్‌మెంట్. "మీ వాడి కౌన్సెలింగ్ అయిందా" అంటే "అయింది, సీటొచ్చింది" అంటారు. ఆ మొత్తం తంతులో ఒక్క మనిషి కూడా ఆ పిల్లాణ్ణి కూర్చోబెట్టి నీకేం వచ్చు, నీకేం కావాలి అని అడిగి ఉండడు.

మరి సలహా ఎవరిస్తున్నారంటే పీఆర్వోలు, అంటే ప్రైవేటు కాలేజీల కోసం అడ్మిషన్లు పట్టే మనుషులు. పదో తరగతి పరీక్షలు ఇంకా అవ్వకుండానే వైజాగ్ నుంచి, శ్రీకాకుళం నుంచి, ఇటు భువనేశ్వర్ నుంచి బ్రోచర్లు పట్టుకుని దిగిపోతారు, తల్లిదండ్రుల నంబర్లు ఎలా వస్తాయో వాళ్ళకి వచ్చేస్తాయి, ఇంటికొచ్చి టీ తాగి "ఇప్పుడు ఐదువేలు కడితే సీటు బ్లాక్ అండి, రిజల్టు వచ్చాక అయితే ఫీజు పెరిగిపోద్ది" అంటారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, సగం మంది మన పిల్లలే, డిగ్రీ చదివి ఉద్యోగం లేక టార్గెట్లు పెట్టుకుని ఎండలో తిరుగుతున్నారు. కానీ అడ్మిషన్‌కి ఇంత అని డబ్బులు వచ్చే మనిషి "అమ్మా, మీ పాపకి మా కాలేజీ సరిపడదు, ఊళ్ళోనే చదివించండి" అని చెప్పగలడా? చెప్పలేడు. అది అతని తప్పు కాదు. వేరే ఎవరూ ఆ ఇంటికి వెళ్ళకపోవడం మనందరి తప్పు.

ఇక మా బోర్డర్ సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రావిన్స్ ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్రాలో ఉండిపోయింది. ఆటో ఎక్కితే పావుగంట. చుట్టాలు అటు, పెళ్ళిళ్ళు అటు, సినిమాలు అటు, టీవీలో వార్తలు అటువి. మనకి బోర్డర్ అనేది బియ్యం బస్తాకి, బస్సు టికెట్టుకి తప్ప గుర్తు రాదు. కానీ పిల్లాడి చదువు విషయంలో ఆ గీత రాతిగోడ. తెలుగు న్యూస్ చూసి ఎంసెట్ ర్యాంకులు, ఫీజు రీయింబర్స్‌మెంట్లు, ఇవన్నీ మనవే అనుకుంటాం. కావు.

మా వీధి చివర ఒకమ్మాయి ఉంది, పేరు వద్దులెండి. పదో తరగతి వరకు ఇక్కడే, మంచి మార్కులు. పీఆర్వో మాట విని వాళ్ళ నాన్న వైజాగ్‌లో ఒక కాలేజీ హాస్టల్లో ఇంటర్‌లో వేశాడు, బైక్ అమ్మి మొదటి టర్మ్ ఫీజు కట్టాడు. ఆ పిల్ల రెండేళ్ళు కష్టపడి చదివి ఎంసెట్‌లో, ఇప్పుడు దాన్ని ఈఏపీసెట్ అంటున్నారు, చక్కటి ర్యాంకు తెచ్చుకుంది. స్వీట్లు పంచారు, మా షాపులో కూడా ఇచ్చి వెళ్ళారు. తర్వాత వాళ్ళ నాన్న సర్టిఫికెట్ల కవరు పట్టుకొచ్చి "తమ్ముడూ, వెరిఫికేషన్‌లో లోకల్ కాదంటన్నారు, ఆంధ్రాలోనే చదివింది గదా, ఏటిది" అన్నాడు. అది చెప్పాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధే.

ఆంధ్రాలో కన్వీనర్ సీట్లలో, అంటే ర్యాంకు మీద కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో, 85 శాతం లోకల్ వాళ్ళకి. లోకల్ అంటే ఇంటర్ రెండేళ్ళు అక్కడ చదివితే సరిపోదు, అర్హత పరీక్షతో కలిపి వరసగా నాలుగేళ్ళు అక్కడ చదివి ఉండాలి, అంటే తొమ్మిది, పది, ఇంటర్ ఫస్టియర్, సెకండియర్. మిగతా 15 శాతం ఓపెన్ కదా అంటే దానికీ షరతులున్నాయి, పిల్లగానీ తల్లిదండ్రుల్లో ఒకరుగానీ ఆ రాష్ట్రంలో మొత్తం పదేళ్ళు నివాసం ఉండాలి. మూడు తరాలుగా పర్లాకిమిడిలో ఉన్న వాళ్ళకి అది ఎక్కణ్ణుంచి వస్తుంది? మేనేజ్‌మెంట్ కోటా తప్ప దారి లేదు. అదే పిల్ల ఇక్కడి రెసిడెంట్ సర్టిఫికెట్‌తో ఒడిశా కాలేజీల వైపు చూసి ఉంటే, ఇక్కడ బీటెక్ సీట్లు జేఈఈ మెయిన్ ర్యాంకు మీద ఇస్తారు కాబట్టి ఆ పరీక్ష మీద మనసు పెట్టి ఉంటే, బరంపురం గవర్నమెంటు ఇంజనీరింగ్ కాలేజీ కూడా అందుబాటులో ఉండేది. కానీ వాళ్ళ కాలేజీలో ఎంసెటే లోకం, జేఈఈ మెయిన్ ఊరికే అటెండ్ అయి వచ్చింది. చివరికి లోను పెట్టి మేనేజ్‌మెంట్ సీటు కొన్నారు. చదువుకుంటోంది, బాగానే ఉంది, ఆ లోను మాత్రం ఇంటి మీద ఉంది.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే ఆ నిర్ణయం ఇంటర్ తర్వాత తీసుకునేది కాదు, పదో తరగతి తర్వాత కూడా కాదు. ఆంధ్రాలో లోకల్ అవ్వాలంటే తొమ్మిదో తరగతికే అటు వెళ్ళాలి. ఎనిమిదో తరగతి చదువుతున్న పిల్ల ఇంట్లో ఈ మాట ఎవరు మాట్లాడతారు? ఎవరూ మాట్లాడరు. మాకు టైమ్ ఉంది కదా అంటారు.

పరీక్ష భాష కూడా అంతే. నీట్, జేఈఈ మెయిన్ తెలుగులో రాయొచ్చని టీవీలో చెప్తారు, నిజమే, 13 భాషల్లో ఉంటాయి. కానీ తెలుగు పేపరు ఆంధ్రా, తెలంగాణ సెంటర్లలోనే ఇస్తారు, ఒడిశా సెంటర్లలో ఒడియా, హిందీ, ఇంగ్లీషు దొరుకుతాయి. దగ్గర కదా అని బరంపురం సెంటర్ పెట్టుకుంటే తెలుగు ఆప్షనే ఉండదు. అదే రైల్వే పరీక్షలకి ఈ బాధ లేదు, తెలుగులో రాస్తావో ఒడియాలో రాస్తావో నీ ఇష్టం. ఇవి పెద్ద రహస్యాలేం కావు, బులెటిన్‌లో రాసే ఉంటాయి, కానీ ఆ బులెటిన్ వంద పేజీలు ఇంగ్లీషులో ఉంటుంది, దాన్ని చదివి "ఇదిగో నీకు సంబంధించింది ఈ ఒక్క పేరా" అని వేలు పెట్టి చూపించే మనిషి కావాలి. మెంటర్ అని పెద్ద పేరు పెడుతున్నారు గానీ నా దృష్టిలో ముందు ఆ వేలు పెట్టి చూపించేవాడే.

నా సొంత సంగతి చెప్తాను, ఎందుకంటే ఇదంతా నాకు ఎందుకు ఇంత పట్టిందో దాంతో తెలుస్తుంది.

నేను ఐదు వరకు ఇక్కడ తెలుగు మీడియం, ఆరు నుంచి ఇంటర్ దాకా టెక్కలిలో మా మావయ్య ఇంట్లో ఉండి చదివాను. డిగ్రీకి మళ్ళీ పర్లాకిమిడి. ఒడియా నీళ్ళలా మాట్లాడతాను, చదువుతాను, మా స్నేహితుల్లో సగం మంది ఒడియావాళ్ళే. డిగ్రీ అయ్యాక రాష్ట్ర ప్రభుత్వంలో క్లర్కు పోస్టులు పడితే రాశాను, రాత పరీక్షలో పాసయ్యాను, లిస్టులో పేరు వచ్చిన రోజు మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. వెరిఫికేషన్‌కి వెళ్ళాను. టేబుల్ అవతల ఉన్న ఆయన మర్యాదగానే నా కాగితాలన్నీ ఒక్కొక్కటీ తిప్పి, ఒడియాలో "ఒడియా పాస్ సర్టిఫికెట్ ఏది" అని అడిగాడు. నేను ఒడియాలోనే జవాబు చెప్పాను, నాకు ఒడియా బాగా వచ్చు సార్ అని. ఆయన నవ్వి "నువ్వు మాట్లాడుతున్నావు, నాకు వినిపిస్తోంది, కాగితం కావాలి బాబూ" అన్నాడు.

రూలు ఏంటంటే ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఏడో తరగతి స్థాయిలో గానీ ఆ పైన గానీ ఒడియా ఒక భాషగా చదివి పాసై ఉండాలి, లేకపోతే ఆ స్థాయి పరీక్ష ఒకటి విడిగా పెడతారు, అది పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. నేను ఆరు నుంచి ఆంధ్రాలో ఉన్నా కాబట్టి నా సర్టిఫికెట్లలో ఎక్కడా ఒడియా లేదు. ఆ పరీక్ష గురించి ఎవరైనా ఒక్కరు ఒక్క ఏడాది ముందు చెప్పి ఉంటే వారం రోజుల్లో పాసైపోయేవాణ్ణి, తర్వాత రాసి పాసయ్యాను కూడా, కానీ ఆ పోస్టులు అప్పటికి నిండిపోయాయి. మళ్ళీ నోటిఫికేషన్ వచ్చేసరికి నాన్నకి పక్షవాతం వచ్చింది, నేను ఇంటి బాధ్యతల్లో పడిపోయాను. ఆ టేబుల్ దగ్గరి నుంచి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నప్పుడు నాకు ఎవరి మీద కోపం రావాలో అర్థం కాలేదు, ఆఫీసు తన రూలు తాను పాటించింది, మావయ్య ప్రేమగా చదివించాడు, నాన్న తనకి తెలిసింది చేశాడు, మా స్కూలు మాస్టార్లు బాగానే చెప్పారు. అందరూ మంచివాళ్ళే, ఒక్కరికీ ఈ సంగతి తెలీదు.

అందుకని ఇప్పుడు మా షాపుకి ఏ చిన్న పిల్లాడొచ్చినా, ఏ ఫారం కోసమైనా సరే, నా మొదటి ప్రశ్న "నీకు ఒడియా సబ్జెక్టు ఉందా" అనే. వాళ్ళకి వింతగా ఉంటుంది. ఉండనీ.

పేర్ల గోల ఇంకొకటి. మనకి ఇంటిపేరు ముందు ఉంటుంది, ఇక్కడ ఇంటిపేరు చివర రాస్తారు. ఒకే గుంటడికి ఆధార్‌లో ఇంటిపేరు ముందు, మెట్రిక్ సర్టిఫికెట్లో వెనక, కుల సర్టిఫికెట్లో అసలు లేదు. స్కూలు రిజిస్టర్‌లో ఒడియాలో రాసి దాన్నించి ఇంగ్లీషులోకి ఎక్కిస్తే వెంకటేష్ కాస్తా బెంకటేష్ అయిపోతాడు. పదో తరగతి ఫారం నింపేటప్పుడు రెండు నిమిషాలు చూసుకుంటే పోయేది, తర్వాత సరిచెయ్యాలంటే అఫిడవిట్లు, బోర్డు ఆఫీసు కోసం కటక్ ప్రయాణాలు. కుల సర్టిఫికెట్ సంగతి ఇంకా కష్టం. వెనకబడిన కులాల జాబితాలు రాష్ట్రానికి ఒకలా ఉంటాయి, సెంట్రల్ ఓబీసీ జాబితా కూడా రాష్ట్రాల వారీగానే ఉంటుంది, పాతపట్నంలో మేనత్త కొడుక్కి వచ్చే రిజర్వేషన్ ఇక్కడ మనకి వస్తుందని గ్యారంటీ లేదు. చుట్టాల్ని చూసి అనుకోకండి, ఏ రాష్ట్రం కాగితం ఉందో ఆ జాబితా చూసుకోండి, నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్, అంటే ఓబీసీల్లో ఆదాయం తక్కువున్న వాళ్ళకిచ్చేది, అయితే ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదే అడుగుతారు చాలా చోట్ల.

ఇవన్నీ చెప్తే కొందరు అంటారు, నువ్వు చెప్పేది కాగితాల సంగతి, కెరీర్ గైడెన్స్ అంటే పిల్లాడి అభిరుచి, టాలెంటు, సైకాలజీ అవీ కదా అని. మా బోర్డర్లో కాగితం సరిగ్గా లేకపోతే అభిరుచి గుమ్మం దాటదు, ముందు అది ఒప్పుకోవాలి. కానీ వాళ్ళ మాటలో నిజం ఉంది, కాగితంతో ఆగిపోతే నేను కూడా ఫారాలు నింపే మిషన్‌నే.

ఆ రాత్రి వచ్చిన గుంటడి సంగతికి వస్తాను. ఆప్షన్స్ దగ్గర ఆగాం కదా. ఏం చెయ్యాలో తోచక "ఒరే, నిన్న సాయంత్రం ఏం చేశావు" అని అడిగాను. "ఏటీ లేదన్నయ్యా, వైండింగ్ షాపుకెళ్ళాను" అన్నాడు. వాళ్ళ చిన్నాన్నకి మోటార్లు, ఫ్యాన్లు వైండింగ్ చేసే షాపుందట, సెలవుల్లో అక్కడే ఉంటాడట. ఏం చేస్తావు అక్కడ అంటే, అంతవరకు తల దించుకుని ఉన్న పిల్లాడు తల పైకెత్తాడు. "కాలిపోయిన కాయిల్ కోసేముందు ఎన్ని చుట్లున్నాయో లెక్కెట్టాలన్నయ్యా, ఒక్క చుట్టు తేడా వస్తే ఫ్యాను వేడెక్కిపోద్ది, నేను పెన్నుతో చెయ్యి మీద రాసీసుకుంతాను" అని ఎడం చెయ్యి చూపించాడు. నిజంగానే మణికట్టు పైన నీలం ఇంకుతో చెరిగిపోయిన అంకెలు ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి, పొద్దున చేసిన మూడు ఫ్యాన్లవి. వాళ్ళమ్మ "సబ్బెట్టి తోమినా పోదు బాబూ" అంది.

మార్కుల కాగితం మళ్ళీ చూశాను. లెక్కల్లో మంచి మార్కులే, సైన్సు కూడా. ఇంట్లో అందరూ చెప్పింది ప్లస్ టూ ఆర్ట్స్, ఎందుకంటే సైన్సుకి ట్యూషన్ డబ్బులు లేవు. అప్పుడు ఒక కాగితం తీసుకుని మూడు గీతలు గీశాను. ఒకటి ప్లస్ టూ సైన్సు, ట్యూషన్ లేకుండా కష్టమే గానీ అసాధ్యం కాదు. రెండోది ఐటీఐ ఎలక్ట్రీషియన్, రెండేళ్ళు, బరంపురం గవర్నమెంటు ఐటీఐకి దేశంలోనే పేరుంది, తర్వాత అప్రెంటిస్, రైల్వే, కావాలంటే డిప్లొమా రెండో సంవత్సరంలో చేరొచ్చు. మూడోది ఎలక్ట్రికల్ డిప్లొమా, మూడేళ్ళు, అది అయ్యాక బీటెక్ రెండో సంవత్సరంలో లేటరల్ ఎంట్రీ ఉంది. ఏ దారీ మూసుకుపోదు, ఒక దాంట్లోంచి ఇంకోదాంట్లోకి వంతెన ఉంది, అది వాడికి ముఖ్యంగా చెప్పాను. పదకొండు దాటింది. వాడు ఆ కాగితం చూసి చూసి "డిప్లొమా చదివినా ఇంజనీర్ అవ్వొచ్చా అన్నయ్యా" అన్నాడు. అవ్వొచ్చు అన్నాను. దాని ఫారం వేరే, అదృష్టం బాగుండి ఇంకా టైమ్ ఉంది, తెల్లారి రమ్మని అది నింపాం. ఆ రాత్రి మాత్రం ప్లస్ టూ సైన్సు కూడా పెట్టే పంపాను, చేతిలో ఒకటి ఉండాలని.

ఇప్పుడు డిప్లొమా మొదటి సంవత్సరం చదువుతున్నాడు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, మా స్నేహితుడొకడు గట్టిగా అడిగాడు, నేను కూడా చాలా ఆలోచించాను. "కూరగాయలమ్మే ఆవిడ కొడుకు కాబట్టి డిప్లొమా అన్నావు, డాక్టరు గారి అబ్బాయి వచ్చి ఫ్యాన్లు బాగుచేస్తానంటే ఐటీఐ అంటావా? పేద పిల్లల్ని చేతిపనికి తోసేయడమే మీ గైడెన్సా" అన్నాడు. చాలా న్యాయమైన ప్రశ్న. గైడెన్స్ పేరుతో పిల్లల ఆశని ఇంటి స్తోమతకి తగ్గట్టు కత్తిరించి పంపేవాళ్ళు ఉన్నారు, అది సలహా ఇవ్వకపోవడం కన్నా పెద్ద పాపం. అందుకే నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నా, ఏ పిల్లకైనా ఎంత పెద్ద దారి ఉందో అది ముందు చెప్పాలి, దాని ఖర్చు, కష్టం, స్కాలర్‌షిప్పు అన్నీ చెప్పాలి, ఎంచుకోవడం వాళ్ళకే వదలాలి.

ఈ నియమం నాకు నేర్పింది ఒకమ్మాయి. లెక్కల్లో దిట్ట, ప్లస్ టూ చదువుతూ వీధిలో పదో తరగతి పిల్లలందరికీ పాఠాలు చెప్పేది, సాయంత్రమైతే వాళ్ళ అరుగు మీద పదిమంది ఉండేవాళ్ళు. ఇంట్లో నర్సింగ్ అన్నారు, త్వరగా ఉద్యోగం వస్తుందని. నేను కూడా ఆ ఫారమే నింపాను, నోరు మూసుకుని. నర్సింగ్ గొప్ప పని, అందులో అనుమానం లేదు, కానీ ఆ పిల్ల పుట్టు టీచరు. భువనేశ్వర్‌లో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళ రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఉందనీ, ప్లస్ టూ తర్వాత ఎంట్రన్స్ రాసి నాలుగేళ్ళలో బీఎస్సీ, బీఈడీ కలిపి చదవొచ్చనీ నేను ఆ పిల్లకి చెప్పలేదు, నాకే తెలీదు అప్పటికి. బరంపురంలో 2016 నుంచి ఐసర్ ఉంది, సైన్సు చదువుకీ పరిశోధనకీ కేంద్రం పెట్టిన సంస్థ అది, సైన్సు మీద నిజమైన ఇష్టం ఉన్న పిల్లలకి అలాంటి చోటు మన పక్కనే ఉందని పర్లాకిమిడిలో ఎంతమంది తల్లిదండ్రులకి చెప్పగలిగాం? పేరు చెప్తే అదేం కాలేజీ, క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఉందా అంటారు.

గైడెన్స్ గురించి ఆలోచించినప్పుడల్లా నాకు మా ఊరి మాస్టారే గుర్తొస్తారు, గిడుగు రామమూర్తి పంతులు గారు. 1880లో పర్లాకిమిడి స్కూల్లో టీచరుగా చేరారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని ఆయన పుట్టినరోజే చేస్తారు, వాడుక భాష కోసం పోరాడిన మనిషిగా అందరికీ తెలుసు. కానీ నాకు ఆయనలో అన్నిటికన్నా పెద్ద సంగతి సవర పిల్లల విషయం. చుట్టూ కొండల్లో సవరలనే గిరిజనులున్నారు, వాళ్ళకి చదువు చెప్పాలనుకున్నారు, అందుకు ముందు తాను సవర నేర్చుకున్నారు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఏళ్ళ తరబడి నేర్చుకున్నారు, తర్వాత పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్ళు పెట్టారు. పిల్లాడి దగ్గరికి వెళ్ళి, వాడి మాట విని, ఆ తర్వాత నోరు విప్పారు. మనం అరగంట కూర్చుని "నిన్న సాయంత్రం ఏం చేశావు" అని అడగడానికి కూడా టైమ్ లేదంటున్నాం.

స్కూల్ టీచర్లు చెప్పాలి కదా అనేవాళ్ళకి ఒక మాట. చెప్పే మాస్టార్లున్నారు, వాళ్ళకి దండం పెడతాను. కానీ మా తెలుగు బళ్ళలో టీచర్లు రిటైర్ అయితే ఆ ఖాళీలు నిండట్లేదు, ఉన్న ఒక్కరిద్దరు పాఠమే చెప్తారా, డ్యూటీలే చేస్తారా, రెండు రాష్ట్రాల అడ్మిషన్ రూల్సే చదువుతారా. రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది, భాషా అల్పసంఖ్యాక పిల్లలకి ప్రాథమిక చదువు మాతృభాషలో చెప్పే ఏర్పాటు చెయ్యాలని. దాని కోసం అడుగుతూనే ఉండాలి. అడుగుతూ ఉన్నంతలో ఈ ఏడు ఎనిమిదో తరగతి చదివే పిల్ల పదో తరగతికి వచ్చేస్తుంది, అది కూడా గుర్తుంచుకోవాలి.

ఇంకొందరు నెట్లో అన్నీ ఉన్నాయి అంటారు. ఉన్నాయి. యూట్యూబ్‌లో వైజాగ్ వాళ్ళు చెప్పేది వైజాగ్ పిల్లలకి సరిపోతుంది, భువనేశ్వర్ వాళ్ళు చెప్పేది వాళ్ళకి సరిపోతుంది. తెలుగు మాట్లాడుతూ, ఒడిశా రెసిడెంట్ సర్టిఫికెట్ ఉండి, అమ్మమ్మ ఊరు టెక్కలి అయిన పిల్ల కోసం ఎవరూ వీడియో చెయ్యలేదు.

అందుకే గత నవంబర్ నుంచి ఆదివారం పొద్దున్న తొమ్మిది నుంచి పదకొండు వరకు షాపులో ఫారాలు ఆపేశాను. ఆ రెండు గంటలు ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి, వాళ్ళ అమ్మానాన్నలకి. పదో తరగతి వాళ్ళొస్తే వద్దనను, కానీ నా ఆశ చిన్నవాళ్ళ మీద. ఎన్ఎమ్ఎమ్ఎస్ స్కాలర్‌షిప్ ఉంది చూడండి, గవర్నమెంటు, ఎయిడెడ్ బళ్ళ పిల్లలు ఎనిమిదో తరగతిలో రాయాలి, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల లోపు ఉండాలి, వస్తే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయలు. నాలుగేళ్ళకి 48,000. ప్లస్ టూ సైన్సు ట్యూషన్‌కి డబ్బులు లేవని ఆర్ట్స్‌కి పంపే ఇంట్లో ఆ డబ్బు ఎంత పని చేస్తుందో ఆలోచించండి. తొమ్మిదో తరగతికి వచ్చాక అడిగితే అయిపోయింది, మళ్ళీ రాదు.

మొదటి ఆదివారం ఇద్దరే వచ్చారు. ఇప్పుడు ఒక్కోసారి పదిహేనుమంది వస్తారు, కుర్చీలు లేక మెట్ల మీద కూర్చుంటారు. నాకు తెలీనివి బోలెడు అడుగుతారు, మర్చంట్ నేవీ అని ఒకడు, ఫోరెన్సిక్ అని ఒకమ్మాయి. అప్పుడు ఫోన్ తీసి ఊరొదిలి వెళ్ళిన వాళ్ళకి చేస్తాను. ఇది చదివేవాళ్ళలో మన బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం నుంచి వెళ్ళి హైదరాబాదులో, బెంగళూరులో, ఇంకా దూరంలో ఉన్నవాళ్ళుంటే మిమ్మల్ని డబ్బు అడగట్లేదు. నెలకి ఒక ఆదివారం ఒక గంట ఫోన్ ఎత్తండి. మీరు ఏం చదివారో, ఎక్కడ తప్పటడుగు వేశారో, జీతం ఎంతతో మొదలైందో ఉన్నదున్నట్టు ఒక్క పిల్లకి చెప్పండి. సక్సెస్ స్టోరీ వద్దు, అవి వాళ్ళు రోజూ వింటున్నారు. మా కమ్మరి వీధి గుంటడు ఒకడు, ఇప్పుడు ఓడలో పని చేస్తున్నాడు, ఆ మర్చంట్ నేవీ పిల్లాడితో నలభై నిమిషాలు మాట్లాడి, ఎన్ని నెలలు ఇల్లు కనపడదో, ఏ ఏజెంట్లకి డబ్బులివ్వకూడదో చెప్పాడు. ఆ నలభై నిమిషాలు నేను పదేళ్ళు చదివినా చెప్పలేను.

పోయిన ఆదివారం ఎనిమిదో తరగతి పిల్ల ఒకత్తి వాళ్ళ నాయనమ్మని వెంటబెట్టుకొచ్చింది, ఎన్ఎమ్ఎమ్ఎస్ గురించి బడిలో ఎవరో చెప్పారట. ఆధార్, బర్త్ సర్టిఫికెట్, స్కూలు ఐడీ కార్డు మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టాం. మూడింట్లో మూడు స్పెల్లింగులు. "మావయ్యా, నా పేరు ఏది?" అంది. నేను చెప్పలేదు, నీ పేరు నువ్వే చెప్పు అన్నాను. వాళ్ళ నాయనమ్మని అడిగింది, ఇంటిపేరు ఎలా పలుకుతారో రెండుసార్లు పలికించుకుంది, ఒక తెల్లకాగితం తీసుకుని పెద్ద పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో రాసి, ప్రతి అక్షరం కింద వేలు పెట్టి చదివి, "ఇదే, అన్నిట్లో ఇలాగే ఉండాలి" అని కాగితం నా వైపు తిప్పింది. ఫారం ఓపెన్ చేసి అదే ఎక్కించాను.